జిల్లా న్యాయమూర్తుల వేతన నిర్ణయం: రాష్ట్ర నిబంధనలు, సుప్రీంకోర్టు ఆదేశాలు

వరంగల్‌లోని కొత్తవాడలో మగ్గం నేసే కుటుంబానికి ఇంటి హద్దు గురించో, అప్పు గురించో వివాదం వస్తే మొదట ఆశ్రయించేది జిల్లాలోని సివిల్ న్యాయస్థానాన్నే. హైకోర్టు చివరి మెట్లలో ఒకటి. వేతన రక్షణ విషయంలో మాత్రం రాజ్యాంగం పై మెట్టుకే ఎక్కువ భరోసా ఇచ్చింది.

హైకోర్టు న్యాయమూర్తి నెల జీతాన్ని 3,500 రూపాయలుగా, ప్రధాన న్యాయమూర్తి జీతాన్ని 4,000 రూపాయలుగా రాజ్యాంగం రెండవ షెడ్యూలే నిర్ణయించింది. 1986లో 54వ సవరణ వాటిని 8,000, 9,000 రూపాయలకు పెంచి, ఆపై మార్పులను పార్లమెంటు చట్టానికి వదిలింది. ఈ వ్యయం రాష్ట్ర సంచిత నిధిపై పడుతుంది. దానిపై శాసనసభలో ఓటింగు ఉండదు.

జిల్లా స్థాయి న్యాయమూర్తులకు ఈ ఏర్పాటు లేదు. వారి వేతనాలు 309వ అధికరణం కింద రాష్ట్రం చేసే నిబంధనల ద్వారా అమలవుతాయి. ఫలితంగా అవి చాలాకాలం ఇతర ప్రభుత్వోద్యోగుల వేతన సవరణలతో ముడిపడి ఉన్నాయి. అఖిల భారత న్యాయమూర్తుల సంఘం 1989లో వేసిన వ్యాజ్యం ఈ ముడిని ప్రశ్నించింది. న్యాయాధికారం రాజ్యం సార్వభౌమాధికారంలో భాగమనీ, న్యాయమూర్తులను సచివాలయ సిబ్బందితో పోల్చరాదనీ సుప్రీంకోర్టు 1993లో స్పష్టం చేసింది.

దీని ఫలితంగా 1996లో జస్టిస్ కె. జగన్నాథశెట్టి అధ్యక్షతన మొదటి జాతీయ న్యాయ వేతన సంఘం ఏర్పడింది. దాని వేతన స్కేళ్ళను 2002లో సుప్రీంకోర్టు ఆమోదించింది. అదనపు భారంలో సగం కేంద్రం భరించాలన్న సిఫారసును మాత్రం అంగీకరించలేదు. భారమంతా రాష్ట్రాలదే అయింది. 2009లో నియమితమైన జస్టిస్ ఇ. పద్మనాభన్ కమిటీ 2006 జనవరి 1 నుంచి వర్తించే సవరణను సూచించింది.

రెండవ జాతీయ సంఘానికి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి సుప్రీంకోర్టుకు వెళ్ళిన జస్టిస్ పి. వెంకటరామరెడ్డి అధ్యక్షులు. 2020లో సమర్పించిన నివేదికలో ఆ సంఘం పాత వేతనాన్ని 2.81తో గుణించే పద్ధతిని ప్రతిపాదించింది. అందువల్ల జూనియర్ సివిల్ న్యాయమూర్తి ప్రారంభ మూలవేతనం 27,700 నుంచి 77,840 రూపాయలైంది. 2022 జూలై 27న సుప్రీంకోర్టు దీనిని 2016 జనవరి 1 నుంచి అమలు చేయాలనీ, బకాయిలను మూడు వాయిదాల్లో చెల్లించాలనీ ఆదేశించింది. కరువు భత్యం విడిగా కలుస్తుంది.

ఈ క్రమంలో ఉత్తర్వు జారీచేసేది రాష్ట్రమే అయినా, దాన్ని కదిలించింది ప్రతిసారీ వ్యాజ్యమే. సామాన్యుడికి అత్యంత సమీపంలోని న్యాయస్థానపు ఆర్థిక స్వాతంత్ర్యానికి రాజ్యాంగ పాఠంలో ఆధారం తక్కువ. అది ప్రధానంగా తీర్పులపైనే నిలిచి ఉంది. న్యాయవ్యవస్థే తన వేతనాల విషయంలో తీర్పరి కావలసి రావడం ఈ చరిత్ర మిగిల్చిన సమస్య.