తెలుగు క్రైస్తవులు: ఊరి జీవితం, స్థానిక పాలన

తెలుగు పల్లెల్లో ప్రొటెస్టెంటు క్రైస్తవం ఎక్కువగా మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో వేళ్ళూనింది. ఊరి పెత్తనం భూమి ఉన్న కులాల చేతుల్లో, లెక్కలు కరణం చేతుల్లో, తగవులూ శిస్తు వసూలూ మునసబు చేతుల్లో ఉండేవి. అందువల్ల స్థానిక పాలనలో తెలుగు క్రైస్తవుల చరిత్ర చాలావరకు, రచ్చబండ ఎక్కే వీల్లేని మనుషులు పంచాయతీ కుర్చీ అడిగే దాకా వచ్చిన చరిత్ర. ఆ దారిలో చర్చి వాళ్ళకు బడి పెట్టింది, నలుగురిలో లేచి మాట్లాడే అలవాటు నేర్పింది, సొంత లెక్కలు రాసుకునే పద్ధతి చూపించింది. స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం దళితులకు పాలనలో చోటు కల్పించింది. అయితే క్రైస్తవులైన దళితులకు ఆ చోటు వర్తించదని 1950 నాటి ఉత్తర్వు తేల్చింది. ఆ ముడి ఈనాటికీ విడలేదు.

మిషన్ల రాక

తెలుగునాట క్రైస్తవానికి ప్రొటెస్టెంట్ల కంటే ముందు కాథలిక్కుల శాఖ ఉంది. 18వ శతాబ్దంలో ఫ్రెంచి జెస్విట్ల కర్ణాటక మిషన్ పుంగనూరు ప్రాంతం నుంచి పనిచేసి కొన్ని రెడ్డి, కమ్మ కుటుంబాలను చేర్చుకుంది. గుంటూరు జిల్లా ఫిరంగిపురం లాంటి చోట్ల ఆ కుటుంబాల వారసులు ఇప్పటికీ ఉన్నారు. మతం మారినా వీళ్ళ భూములు పోలేదు, ఊళ్ళో పరువు తగ్గలేదు, పెత్తనం చేయడానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. తర్వాతి కాలంలో పులివెందుల సర్పంచ్‌గా పనిచేసిన వై.ఎస్. రాజారెడ్డి, ఆయన కుమారుడు, 2004లో ముఖ్యమంత్రి అయిన రాజశేఖరరెడ్డి క్రైస్తవ కుటుంబం వాళ్ళే. వాళ్ళ రాజకీయ జీవితానికి మతం అడ్డు కాలేదు. ‘క్రైస్తవులు’ అని ఒకే మాటతో చెప్పినా, ఊళ్ళో వాళ్ళ స్థానాన్ని తేల్చేది కులమే.

ప్రొటెస్టెంట్లలో మొదట వచ్చింది లండన్ మిషనరీ సొసైటీ. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డే గ్రాంజెస్ విశాఖపట్నం చేరారు. 1836లో బౌడెన్, బీర్ అనే ఇద్దరు బ్రెదరిన్ మిషనరీలు నరసాపురం ప్రాంతానికి వచ్చారు. 1841లో ఆంగ్లికన్ మిషనరీలు రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగారు. 1842లో లూథరన్ మిషనరీ హేయర్ గుంటూరులో పని మొదలుపెట్టాడు. నోబుల్ ప్రధానంగా పై కులాల పిల్లల చదువు మీద దృష్టి పెట్టాడు. పల్లెల్లో మార్పు ఆ దారిన రాలేదు.

ఒంగోలు: డప్పు, మేర, కాలువ

అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840 నుంచి నెల్లూరులో ఉన్నా చాలా ఏళ్ళు పెద్దగా ఎవరూ చేరలేదు. అమెరికాలోని పెద్దలు దీన్ని మూసేయాలని ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. 1866లో ఒంగోలు వచ్చిన జాన్ క్లౌ చేతుల్లో పరిస్థితి మారింది. అంతకంటే ముఖ్యంగా యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ తోళ్ళ వ్యాపారి వల్ల మారింది. తోళ్ళ బేరం కోసం ఊరూరా తిరిగే పేరయ్యకు ప్రతి మాదిగపల్లెలో బంధువులు, ఎరిగినవాళ్ళు ఉండేవారు. తాను నమ్మిన మాట ఆ దారుల్లోనే అందరికీ చేరవేశాడు. తెలుగు బాప్టిస్టు సంఘాల చరిత్రలో మిషనరీల పేర్లే ముందు వినిపిస్తాయి. పేరయ్యకు వాళ్ళ పక్కన కాదు, వాళ్ళ ముందు చోటు ఇవ్వాలి.

కొత్తగా చేరినవాళ్ళకు క్లౌ పెట్టిన నియమాలు మూడు: ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చదివితే ఇవి మతనియమాలే. మాదిగపల్లెలో మాత్రం ఒక్కొక్కటీ ఊరి ఏర్పాటును కదిలించింది. మాదిగలు రైతులకు చెప్పులు, మోటబావుల తోలు బానలు, తాళ్ళు చేసి ఇవ్వాలి. చచ్చిన పశువును లాగేయాలి. జాతరలో డప్పు కొట్టాలి. పిలిచినప్పుడల్లా వెట్టికి పోవాలి. వీటికి బదులుగా కోతల కాలంలో కళ్ళం దగ్గర రైతు ‘మేర’ అనే గింజల వాటా కొలిచేవాడు. ఇప్పుడు జాతరకు డప్పు కొట్టబోమన్నారు. ఆదివారం నాడు కోతకు రామన్నారు. రైతులు మేర ఆపారు. నీళ్ళు పట్టుకోనివ్వలేదు. తప్పుడు కేసులు బనాయించారు. ఊరి దారుల్లో నడవనివ్వలేదు. ఈ ఫిర్యాదులు అర్జీలుగా మారి కలెక్టరు కచేరీకి వెళ్ళాయి. మాదిగవాడ నుంచి కాగితం మీద ఫిర్యాదు వెళ్ళడం అక్కడి అధికారులకు కొత్త. స్థానిక పాలనతో దళిత క్రైస్తవుల తొలి వ్యవహారం ఇదే: తమ మాటను అధికారి ముందు రాతలో పెట్టడం.

1876 నుంచి 1878 దాకా మద్రాసు రాష్ట్రాన్ని ధాత కరువు పీల్చి పిప్పి చేసింది. ప్రభుత్వం పనులు పెట్టి కూలి ఇచ్చే పద్ధతిలో బకింగ్‌హాం కాలువ తవ్వకం సాగించింది. పనిచోట్లలో మేస్త్రీలు కింది కులాల కూలీలను కొట్టేవారు, కూలి ఎగ్గొట్టేవారు. మిషనరీ కాకముందు సర్వేయరుగా పనిచేసిన క్లౌ, సుమారు మూడు మైళ్ళ కాలువ తవ్వకాన్ని తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. తన బోధకులను పని చూసే మేస్త్రీలుగా పెట్టాడు. మాదిగవాడి పని మీద మాదిగవాడే అజమాయిషీ చేయడం, కూలి పూర్తిగా చేతిలో పడటం అక్కడికొచ్చిన వేలమందికి కొత్త. పగలు తవ్వకం, సాయంత్రం బోధ. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదని పదిహేను నెలల పాటు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కరువు తగ్గాక తలుపు తెరిచాడు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు దేశీయ బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో దిగారు, అలసిన జంట గట్టెక్కితే మరో జంట దిగింది.

చర్చి నేర్పిన పాలన

క్లౌ సంఘాల్లో తగవులు తీర్చడానికి పంచాయతీ పద్ధతినే వాడాడు. ప్రతి పల్లెకూ పెద్దలుండేవారు, పెళ్ళి గొడవలు, అప్పుల గొడవలు వాళ్ళ ముందుకు వచ్చేవి. తర్వాత లూథరన్, ఆంగ్లికన్ సంఘాల్లోనూ కమిటీలు, ఎన్నికలు, కానుకల లెక్కలు వచ్చాయి. ఊరి సభలో నోరు విప్పనివ్వని మనిషి ఆదివారం సంఘ సమావేశంలో లేచి లెక్క అడిగేవాడు. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఆడవాళ్ళు ఒక పిడికెడు పక్కన తీసి, వారం చివర సంఘానికి ఇచ్చే ‘పిడికెడు బియ్యం’ అలవాటు చాలా పల్లెల్లో ఉండేది. ఆ బియ్యం అమ్మి పంతులు జీతంలో కొంత కట్టేవారు.

మిషన్ పంతులు పల్లెలో మనిషికి మనిషే, ఆఫీసుకు ఆఫీసే. పొద్దున బడి చెప్పేవాడు, సాయంత్రం ప్రార్థన నడిపేవాడు, మధ్యలో పట్టాలు చదివి పెట్టేవాడు, మనియార్డర్ ఫారాలు నింపేవాడు, అర్జీలు రాసేవాడు. 1854 నాటి వుడ్ విద్యా ప్రణాళిక తర్వాత ప్రైవేటు బడులకు ప్రభుత్వ గ్రాంటు వచ్చింది. ఆ గ్రాంటు తెచ్చుకునే క్రమంలో మిషన్ బడులకు లోకల్ బోర్డులతో రోజూ పని పడింది. 1882లో స్థానిక స్వపరిపాలనపై వైస్రాయి రిప్పన్ తీర్మానం, 1884లో మద్రాసు లోకల్ బోర్డుల చట్టం వచ్చినా ఓటు పన్ను కట్టేవాళ్ళకే ఉండేది. కాబట్టి దళిత క్రైస్తవుడికి బోర్డులో కుర్చీ లేదు. బోర్డు గుమ్మం దాకా వెళ్ళగల పంతులు మాత్రం ఉన్నాడు.

వైద్యంలోనూ పేరున్న పని జరిగింది. గుంటూరులో డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో వచ్చి స్త్రీల కోసం ఆసుపత్రి కట్టించింది. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లి కుష్ఠు ఆసుపత్రిని ఇసబెల్ కెర్ దంపతులు నడపగా, దాని నిర్మాణానికి స్థానిక హిందూ ధనికుడు నర్సాగౌడ్ భారీ విరాళం ఇచ్చాడు.

అధికారం చేతికి వచ్చినప్పుడు క్రైస్తవ సంస్థలు ఎలా నడుచుకున్నాయో చూడాలంటే బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం చూడాలి. నేరస్థ తెగల చట్టం కింద ఎరుకల కుటుంబాలను బలవంతంగా అక్కడ దించి, ఆ సెటిల్‌మెంటును 1910ల్లో సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. రోజూ హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా బయటకు పోకూడదు. సెటిల్‌మెంటు మనుషులు చీరాల పొగాకు ఫ్యాక్టరీకి చౌక కూలీలయ్యారు. బడి, ఆసుపత్రి, భూమి ఇచ్చిన చేతులే హాజరుపట్టీ పట్టాయి. 1952లో ఆ చట్టం రద్దయినా ఊరి మీద పడ్డ ముద్ర చాలాకాలం పోలేదు.

ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్న బిషప్

1912 డిసెంబరు 29న వేదనాయగం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా అభిషిక్తుడయ్యాడు. తిరునల్వేలి ప్రాంతపు తమిళుడు, దోర్నకల్‌ను సొంత ఊరు చేసుకున్నాడు. తాగుడు, అప్పు, బాల్యవివాహాల మీద సంఘాల్లో గట్టిగా పనిచేశాడు. 1932 కమ్యూనల్ అవార్డు క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు ఇచ్చినప్పుడు అజరయ్య వ్యతిరేకించాడు. క్రైస్తవులు విడి ఓటర్లయితే సంఘం ఒక కులంలా ముడుచుకుపోతుందని, తోటివారితో కలిసి బతికే అవకాశం పోతుందని ఆయన భయం. దక్షిణ భారత సంఘం ఏర్పడటానికి దారి వేసినవాళ్ళలో ఆయన ఒకడు. అది 1947 సెప్టెంబరు 27న ఏర్పడేనాటికి ఆయన లేడు, 1945లోనే కన్నుమూశాడు.

రాజ్యాంగసభలోనూ ఇదే ధోరణి గెలిచింది. బెంగాలీ క్రైస్తవుడు హరేంద్ర కూమార్ ముఖర్జీ, జెస్విట్ జెరోమ్ డిసౌజా వంటివారు మత ప్రాతిపదికన సీట్లు వద్దన్నారు, 1949లో ఆ రిజర్వేషన్లు తీసేశారు. క్రైస్తవులు అందరితోపాటు పోటీ చేస్తామన్నారు. దీని బరువు ఎవరి మీద పడుతుందో ఆ సభలో ఎక్కువమంది ఆలోచించినట్టు కనబడదు. చదువుకున్న పట్నపు క్రైస్తవుడికి సీటు లేకపోయినా నడుస్తుంది. పల్లెలో క్రైస్తవుడైన మాదిగ కూలీకి నడవదు.

1950 తర్వాత

1950 ఆగస్టు 10న వచ్చిన షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివారు షెడ్యూల్డు కులస్థులు కారు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు మినహాయింపు దొరికింది. క్రైస్తవులకు, ముస్లిములకు దొరకలేదు. 1985లో సుప్రీంకోర్టు సూసై కేసులో ఆ ఉత్తర్వును నిలబెట్టింది. అంతకుముందు 1976లో గుంటూరు వైద్య కళాశాల కేసులో, క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టినవాడు హిందూమతంలోకి వచ్చి, కులంవాళ్ళు ఒప్పుకుంటే మళ్ళీ ఆ కులస్థుడవుతాడని తీర్పు ఇచ్చింది. అంటే బావి దగ్గర, టీ కొట్టు దగ్గర, పొలం గట్టు మీద మతం మారినా మారని కులం, సర్టిఫికెట్టు మీద మాత్రం మతంతో మారిపోతుంది.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1970లో దళిత క్రైస్తవులను వెనుకబడిన తరగతుల్లో ‘సి’ గ్రూపుగా పెట్టి ఉద్యోగాల్లో, చదువుల్లో ఒక శాతం కేటాయించింది. స్థానిక సంస్థల్లో ఈ వెసులుబాటు పెద్దగా పనిచేయదు. రాష్ట్రంలో 1959లో షాద్‌నగర్‌లో పంచాయతీరాజ్ మొదలైంది, 1987లో మండలాలకు ఎన్నికలు జరిగాయి. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత 1994 చట్టంతో సర్పంచ్ పదవులకు రిజర్వేషన్ స్థిరపడింది. బీసీ సీట్లలో దళిత క్రైస్తవుడు రాష్ట్రంలోని బీసీ కులాలన్నిటితో పోటీ పడాలి. సొంత వాడలో ఎస్సీ సీటు ఉన్నా దానికి నామినేషన్ వేయలేడు. ఆ వాడ మొత్తం ఆదివారం చర్చికి వెళ్తున్నా సరే.

దీని ఫలితం జనాభా లెక్కల్లో కనబడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 1971లో 4.19 శాతం. 1981లో 2.68, 1991లో 1.83, 2001లో 1.55, 2011లో 1.34 శాతం. ఇదే కాలంలో పల్లెల్లో చర్చిలు పెరిగాయే తప్ప తగ్గలేదు. సర్టిఫికెట్టు పోతుందనే భయంతో లెక్కలవాళ్ళకు ‘హిందువు’ అని చెప్పిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దీన్ని మోసం అనేవాళ్ళున్నారు. చట్టం అలా అనగలదు. ఒకే మనిషికి నమ్మకాన్నీ బతుకునూ ఎదురెదురుగా నిలబెట్టి ఏదో ఒకటి ఎంచుకోమన్న ఏర్పాటును కూడా అంతే గట్టిగా ప్రశ్నించాలి. మరోవైపు, మతం మారని మాల మాదిగల్లో చాలామందికి ఉన్న ఆందోళన నిజమైనదే: ఉన్న వాటాలోకి మరికొందరు వస్తే తమకేం మిగులుతుందని.

ఈనాటి పంచాయతీల్లో క్రైస్తవుల అర్జీలు సామాన్యమైనవే. సమాధుల తోటకు స్థలం, దానికి దారి, వానాకాలంలో శవపేటిక మోసుకెళ్ళేందుకు వీలైన రోడ్డు, ప్రార్థన మందిరానికి అనుమతి, క్రిస్మస్ వారంలో వాడకు వీధిదీపాలు. వీటిలో ఎక్కువ గొడవ సమాధుల తోట గురించే. పూడ్చడం ఆచారం కాబట్టి ప్రతి తరానికీ కొత్త జాగా కావాలి. పోరంబోకు భూమి ఏడాదికేడాదికీ తరిగిపోతోంది.

ఎస్సీ హోదా విషయంలో 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ మతంతో ముడి తీసేయాలని సిఫారసు చేసింది. 2009లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ అదే కోరుతూ తీర్మానం చేసింది. 2022లో కేంద్రం మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరో కమిషన్ వేసింది. 2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ మళ్ళీ తీర్మానం చేసింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక కేసులో, బాప్తిస్మం తీసుకుని క్రైస్తవ ఆచారాలు పాటిస్తూ ఉద్యోగం కోసం ఎస్సీ సర్టిఫికెట్టు అడగడం రాజ్యాంగాన్ని మోసగించడమే అంది.