ఊడుగ చెట్టు: విడిపోయి కలిసిన చుట్టరికం

చలిదేశాల తోటలలో డాగ్‌వుడ్ చెట్లకు మంచి పేరున్నది. శాస్త్రజ్ఞులు వీటి ప్రజాతిని కార్నస్ అంటారు. వసంతంలో పూలు, వేసవిలో నీడ, ఆకురాలే ముందు ఆకులకు ఎరుపు, మంచుకాలంలో కొన్ని జాతుల లేత కొమ్మలకు నిప్పువంటి రంగు. ఏడాది పొడుగునా తోటకు ఏదో ఒక శోభ ఉండాలని కోరేవారు అక్కడ ఈ చెట్లను నాటుతారు.

హైదరాబాదులోని ఎర్రగడ్డలో వీటిని పెంచగలమా? చల్లని గాలి, తేమ నేల కోరే ఈ చెట్లకు మన ఎండలు సరిపడవు. అయితే వీటి చుట్టం ఒకటి తెలుగు దేశపు మెట్టభూములలో అనాదిగా పెరుగుతున్నది. అదే ఊడుగ. ఎర్రగడ్డలోని ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల విద్యార్థులు దీనిని అంకోలం అనే పేరుతో చదువుకుంటారు. ఈ చుట్టరికాన్ని గుర్తించడానికి శాస్త్రజ్ఞులకు రెండు శతాబ్దాలకు పైగా పట్టింది.

కేరళ మొక్కలను గురించి డచ్చివాడైన వాన్ రీడ్ 1678 నుండి 1693 వరకు పన్నెండు సంపుటాల గ్రంథం వెలువరించినాడు. అందులో ఈ చెట్టు ‘అంగోలం’ అనే దేశీయనామంతో ఉన్నది. 1782లో లిన్నేయస్ కుమారుడు దీనిని ఫాల్సా పండ్ల ప్రజాతియైన గ్రూవియాలో చేర్చినాడు. మరుసటి సంవత్సరమే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లామార్క్, మలయాళపు పేరును ఆధారం చేసుకొని, దీనికి అలాంజియం అనే ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచినాడు.

1781లో సామర్లకోటకు వచ్చి అక్కడ మొక్కలను పెంచి పరిశీలించిన రాక్స్‌బర్గ్, 1793లో కలకత్తా తోటకు అధికారి అయినాడు. ఆయన మరణానంతరం వెలువడిన భారతదేశ వృక్షజాల గ్రంథంలో ఊడుగకూ చోటు దొరికింది. కాని ఆ గ్రంథం లిన్నేయస్ పద్ధతిని అనుసరించినది. కేసరాలను లెక్కపెట్టి తరగతులు చేయడం ఆ పద్ధతి. కార్నస్ పూవులో నాలుగే కేసరాలు. ఊడుగ పూవులో పది మొదలు ముప్పై వరకు ఉండవచ్చును. అందువలన రెండూ వేరు వేరు తరగతులలో పడినవి.

1828లో డి కాండోల్ ఊడుగకు విడిగా ఒక కుటుంబం కల్పించినాడు. 1867లో బెంథామ్, హుకర్‌లు దానిని కార్నస్ కుటుంబంలో కలిపినారు. రెండింటిలోనూ అండాశయం నిమ్నం. అంటే మిగిలిన పుష్పభాగాలకు దిగువన ఉంటుంది. పండు లోపల గట్టి టెంక ఉంటుంది. 1910లో జర్మన్ శాస్త్రజ్ఞుడు వాంగెరిన్ తిరిగి వీటిని విడదీసినాడు. నేటి పేరు అలాంజియం సాల్వీఫోలియం ఆయన స్థిరపరచినదే.

చివరకు తీర్పు చెప్పినవి కేసరాలు కావు, జన్యువులు. 1993లో హరితరేణువులోని ఒక జన్యువును పోల్చి చూడగా ఈ రెండు ప్రజాతులూ దగ్గరి బంధువులని తేలింది. 2016 నాటి ఆవృతబీజాల వర్గీకరణలో రెండూ ఒకే కుటుంబంలో, కార్నేసిలో, ఉన్నవి. కంటికి సులభంగా కనిపించే ఒక్క లక్షణం మీద ఆధారపడితే ఎంత పొరబాటు జరుగుతుందో విద్యార్థులకు చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

ఇక తోటలో దీని శోభ చూడండి. చలి వెనుకబట్టే వేళకు ఆకులు రాలుతవి. ఫిబ్రవరి, మార్చి నెలలలో మోడువారిన కొమ్మల నిండా తెల్లని పూలు గుప్పున వాసన కొడతవి. సన్నని రేకులు వెనుకకు చుట్టుకొంటవి. పిమ్మట లేత చిగుళ్లు. ఎండలు ముదిరి వానలు పడేసరికి పక్షులను పిలిచే ముదురు ఎరుపు పండ్లు. వర్షాకాలమంతా దట్టమైన ఆకు. గట్టిదనం వలన దీని కలపను గానుగ రోకళ్లకు వాడేవారు. వేరు బెరడును పూర్వం కుక్కకాటుకు మందుగా వాడినారు. నేడు కుక్క కరిస్తే వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో గాయం కడిగి ఆస్పత్రిలో టీకా వేయించుకోవలసిందే. చెట్టు మందును నమ్మి ఆలస్యం చేయరాదు.

దీనిని పెంచడం కష్టం కాదు. పండిన పండ్ల గుజ్జు కడిగి, గింజలు తాజాగా ఉండగానే సంచులలో విత్తాలి. మొక్క నిలదొక్కుకొన్న తరువాత తొలకరిలో గరప నేలలోనైనా నాటవచ్చును. మొదటి రెండు వేసవులు నీరు పోస్తే చాలు. కొమ్మలకు ముళ్లుంటవి గనుక పిల్లలు నడిచే దారికి దూరంగా నాటాలి.

గుట్టలు చదునై ఇళ్లు లేచేచోట ‘ముళ్లపొద’ అని ముందు నరికేది ఇటువంటి చెట్లనే. దూరదేశపు అలంకారవృక్షాన్ని కోరే ముందు, దాని చుట్టాన్ని మన ఇంటివద్దనే నరుకుతున్నామేమో చూడాలి. ప్రతి పాఠశాల ఆవరణలోను ఒక ఊడుగ ఉంటే, ఏడాదిలోని ప్రతి ఋతువూ ఒక పాఠం చెబుతుంది.