ఒగ్గు చప్పుడుకు చరిత్రలో చోటు

మన సాహిత్య చరిత్రలు చాలావరకు తాళపత్రంతో మొదలై అచ్చుపుస్తకంతో ముగుస్తాయి. వాటినే తరగతిలో బోధిస్తున్న నాకు, ఆ కొలత ఎంత ఇరుకైనదో చుక్క సత్తయ్య జీవితం తెలియజేసింది.

జనగామ సీమలోని మాణిక్యపురంలో 1935లో జన్మించిన సత్తయ్య ఒగ్గుకథకుడు. ఒగ్గు అంటే శివుని డమరుకం. కురుమల ఇలవేల్పులైన మల్లన్న, బీరప్పల కథలను కొలుపులలో పాడడం ఈ కళకు పునాది. ఆ కథను కొలుపు పందిరి నుంచి సభావేదిక మీదికి తెచ్చినవారిలో సత్తయ్య ముఖ్యుడు. కేంద్ర సంగీత నాటక అకాడమీ ఆయనను పురస్కారంతో గౌరవించింది. 2017 నవంబరులో ఆయన కన్నుమూశాడు.

ఒగ్గుకథ కేవలం పాట కాదు. కథకుడు వచనం చెబుతూనే పాట ఎత్తుకుంటాడు. ఒకమారు రాజు, మరుక్షణం గొర్రెలకాపరి అవుతాడు. వంతలు ఊకొట్టి ప్రశ్నిస్తారు. డోలు, తాళాలు కథను నడుపుతాయి. కాబట్టి మాటలను మాత్రమే అచ్చువేస్తే మిగిలేది సగం కథే. అమెరికా నల్లజాతి గాయకుల బ్లూస్ 1920 నుంచి గ్రామఫోను రికార్డులకెక్కింది. అందుకే ఆ గొంతులు నేటికీ వినవస్తున్నాయి.

పురస్కారం వ్యక్తికి గౌరవమే కాని, కళకు చరిత్ర కాజాలదు. కురుమల ఇంటి విద్యార్థి తన తాత చెప్పిన కథ సాహిత్యం కాదనుకుంటే, ఆ తప్పు అతనిది కాదు. పాఠం చెప్పే మాది. ఆ కథను వినాలి, ధ్వనిముద్రణ చేయాలి, ప్రబంధం సరసన నిలిపి బోధించాలి.