భూమిని తూచిన బిడియస్థుడు



అటక మీది ఇత్తడి గిన్నె చెయ్యి జారితే కిందికే పడుతుంది గాని పైకి పోదు. ఇందులో వింతేముంది అంటారు మీరు. నేనూ అలాగే అనుకునేదాన్ని. బళ్ళో గురుత్వాకర్షణ సూత్రం బట్టీపట్టి, పరీక్షలో రాసేసి, మర్నాడే మరిచిపోయాను. మొన్న మా అమ్మాయికి పాఠం చెప్పబోతే, దాని వెనక ఇంత కథ ఉందా అనిపించింది.

గిన్నెను లాగే శక్తే చందమామనూ లాగుతోందని 1687లో అచ్చయిన గ్రంథంలో న్యూటన్ లెక్కకట్టి చూపాడు. దూరం రెట్టింపయితే ఆకర్షణ నాలుగో వంతవుతుంది. భూమి కేంద్రం నుంచి మనమున్న దూరానికి చంద్రుడు అరవై రెట్ల దూరంలో ఉన్నాడు. కనుక అక్కడ ఆకర్షణ 3,600వ వంతు. ఇక్కడ రాయి సెకనులో పడే 16 అడుగులూ పడటానికి చంద్రుడికి నిమిషం పడుతుంది. పడుతూనే పక్కకు సాగిపోతాడు గనుక మన నెత్తిన పడడు!

మరి భూమి బరువెంత? న్యూటన్ ఊహించాడే గాని కొలవలేదు. ఇంగ్లండులో జాన్ మిచెల్ అనే మతాచార్యుడు అందుకొక పరికరం తయారుచేశాడు. పాపం, దాన్ని వాడకుండానే 1793లో కన్నుమూశాడు. అది చివరికి హెన్రీ కావెండిష్ చేతికొచ్చింది. ఈయన మహా సంపన్నుడు, అంతకు మించిన బిడియస్థుడు. ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళ ఎదుట కూడా పడలేక, ఏం వండాలో చీటీ రాసి పెట్టేవాడట. ఆ వంటావిడ ఏమనుకునేదో!

1797లో, అరవై అయిదేళ్ళ వయసులో, పని మొదలుపెట్టాడు. ఆరడుగుల కర్రను సన్నని తీగకు అడ్డంగా వేలాడదీసి, రెండు కొసలా చిన్న సీసపు గుండ్లు కట్టాడు. ఒక్కొక్కటి దాదాపు 158 కిలోలుండే పెద్ద గుండ్లను వాటి దగ్గరికి జరిపాడు. పెద్దది చిన్నదాన్ని లాగే బలం ఎంతనుకున్నారు? బియ్యపు గింజ బరువులో సుమారు వెయ్యో వంతు! గాలి కదిలినా, మనిషి ఒంటి వేడి తగిలినా లెక్క చెడుతుంది. అందుకని గది మూసేసి, తాను బయటే ఉండి, గోడలో అమర్చిన దూరదర్శినిలోంచి కర్ర ఎంత తిరిగిందో చూశాడు.

చిన్న గుండును భూమి ఎంత లాగుతోందో దాని బరువే చెబుతుంది. పెద్ద గుండు ఎంత లాగిందో కర్ర చెప్పింది. దూరాలు కూడా కలుపుకుని ఈ రెండిటినీ పోలిస్తే భూమి బరువు తేలుతుంది. అంత పరిమాణం గల నీటికంటే భూమి 5.48 రెట్లు బరువని ఆయన 1798లో ప్రకటించాడు. ఇప్పటి లెక్క 5.51. కిలోల్లో చెప్పాలంటే సుమారు 6 పక్కన 24 సున్నాలు.

పిల్లలు సూత్రంలో వేసే 'జి' అనే అంకె ఆయన రాయనేలేదు. తరవాతివాళ్ళు ఆ కొలతల్లోంచే తీశారు. ఇదంతా విని మా అమ్మాయి అడిగింది, "మిచెల్ పేరు మా పుస్తకంలో లేదేం అమ్మా?" అని.