వేటగాడి దారిలో కెమెరా

మన బడి పిల్లలు విహారయాత్రకు విశాఖపట్నం వెళ్తే అక్కడి జూలో కంచె వెనక చుక్కల దుప్పులను చూస్తారు. 1977లో తెరిచిన ఆ జూ కంబాలకొండ అడవిని ఆనుకునే ఉంది. ఒకప్పుడు విజయనగరం రాజుల చేతిలో ఉన్న ఆ అడవి 2002లో అభయారణ్యమైంది. ఓడరేవు, ఉక్కు కర్మాగారం ఉన్న మహానగరం పక్కనే దుప్పి, కణితి, చిరుత నేటికీ బతుకుతున్నాయి. చిరుత తిరుగుతోందని ఎక్కడైనా వార్త వస్తే అటవీ సిబ్బంది వెంటనే ట్రాప్ కెమెరాలు కడతారు. ట్రాప్ అంటే ఉచ్చు. ఆ యంత్రం ఎవరి విద్య నుంచి పుట్టిందో దాని పేరే చెబుతోంది. చరిత్ర పుస్తకాలు మాత్రం ఆ మాట గట్టిగా చెప్పవు.

రాత్రిపూట అడవి జంతువులను ఫోటో తీసిన తొలి వ్యక్తులలో అమెరికాకు చెందిన జార్జ్ షిరాస్ ఒకరు. ఆయన మొదట వేటగాడు. అక్కడి మహాసరస్సుల ప్రాంతంలో ఓజిబ్వా ఆదివాసులకు ఒక వేట పద్ధతి ఉంది. పడవ ముందు చట్టిలో మంట పెట్టి, వెనక చీకట్లో కూర్చుంటారు. ఒడ్డున ఉన్న తెల్లతోక జింక ఆ వెలుగుకేసి చూస్తూ కదలకుండా నిలబడిపోతుంది. దాని కళ్లు మెరుస్తాయి. మన ప్రాంతంలో లైటు వేట గురించి విన్నవారికి ఇది కొత్త కాదు. షిరాస్ ఆ పద్ధతినే తీసుకున్నారు. తుపాకీ పక్కన పెట్టి కెమెరా పట్టారు, మంట బదులు మెగ్నీషియం పొడిని మండించారు. జంతువుల దారికి అడ్డంగా దారం కట్టి, అది తగిలినప్పుడు ఫోటో పడేలా కూడా చేశారు. 1906 జులైలో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక ఆయన ఫోటోలు 74 అచ్చువేసింది. ఆయన పేరు ప్రపంచానికి తెలిసింది. ఆ విద్య నేర్పిన జాతి పేరు ఎక్కడో ఒక వాక్యంలో మిగిలింది.

మన దేశంలో ఇలాంటి పని చేసినవాడు ఎఫ్.డబ్ల్యూ. ఛాంపియన్ అనే బ్రిటిష్ అటవీ అధికారి. ఉత్తరాది అడవుల్లో పులులు నడిచే బాట వెతికి, అడుగుజాడలు చూసి, అడ్డంగా తీగ లాగేవాడు. పులి కాలు తగలగానే వెలుగు, ఫోటో. 1927లో ఆయన పుస్తకం వచ్చింది. ఆలోచించి చూడండి, ఇది ఉచ్చు కాక మరేమిటి? జంతువు ఏ బాటన, ఏ వేళ వస్తుందో తెలియకపోతే ఉచ్చూ పనిచేయదు, కెమెరా పనిచేయదు.

1990ల నాటికి ఉల్లాస్ కారంత్ నాగరహొళెలో కెమెరా ఫోటోలలోని చారలను బట్టి పులులను లెక్కించే పద్ధతి తెచ్చారు. 2018 జాతీయ పులుల గణనలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టారు. మన రాష్ట్రంలో నల్లమలలో చెంచులు అటవీ శాఖ బేస్ క్యాంపుల్లో కాపలా పని చేస్తున్నారు. పాదముద్ర చదవడంలో వారికి సాటి లేదు. ఆ చదువుకు డిగ్రీ పట్టా లేదు కాబట్టి వారిది కూలి పనిగానే మిగిలింది.

ఇక మన మాటకు వద్దాం. చైత్రమాసంలో అరకు, పాడేరు వైపు ఇటుకల పండుగ చేసుకుంటాం. విత్తనాలు గ్రామదేవత ముందు పెడతాం, మగవారు వేటకు వెళ్తారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్ల ఎగతాళి తప్పదు. దొరికిన మాంసం ఊరంతా పంచుకునే ఆచారం ఇది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నేరం చేసింది. 2006 అటవీ హక్కుల చట్టం మన హక్కులను ఎన్నింటినో గుర్తించింది కానీ వేటాడే హక్కును స్పష్టంగా మినహాయించింది. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్ కెమెరా ఉంది. సరదాగా తీసిన వేట వీడియో రేపు కేసులో సాక్ష్యమవుతుంది. ఈ సంగతి మన కుర్రాళ్లకు చెప్పాలి.

అమెరికాలో తెల్లతోక జింక వేట నేడు లైసెన్సుతో ఆడే ఆట. చెట్టుకు కెమెరా కట్టి, జింక ఏ వేళ వస్తుందో ఫోన్లో చూసుకుని వెళ్తారు. వేటను వీడియో తీసి అమ్ముతారు కూడా. జంతువుకు తప్పించుకునే అవకాశం ఉండాలనే వాదన పెరిగి, అరిజోనా రాష్ట్రం 2022 జనవరి 1 నుంచి వేట కోసం ఆ కెమెరాలు వాడరాదని నిషేధించింది. పట్నం మనిషికి అది వినోదం, లైసెన్సు దొరుకుతుంది. ఆదివాసికి అది పండుగ, కేసు దొరుకుతుంది. వేట మళ్లీ మొదలుపెట్టమని నేను అనడం లేదు. అడవే తరిగిపోయింది, దుప్పి మిగలాలి. కానీ వేటతోపాటు ఆ జ్ఞానం కూడా పోవాలా?

ఇప్పపువ్వు రాలే రోజుల్లో దుప్పి ఏ చెట్టు కిందికి వస్తుందో, ఎండాకాలం ఏ చెలమలో నీరు మిగులుతుందో, గాలి ఎటు వీస్తే జంతువు వాసన పడుతుందో మన ముసలివాళ్లకు తెలుసు. అది ఏ కెమెరాలోనూ లేదు. కెమెరా దుప్పి వచ్చిందని చూపిస్తుంది, ఎందుకు వచ్చిందో తాత చెబుతాడు. బడిలో ఒక నోటుపుస్తకం పెట్టి, చెట్టు, చెలమ, జంతువు, నెల అని గీతలు గీసి, మన మాటల్లోనే ఆ పేర్లు పిల్లల చేత రాయిద్దాం. చెప్పినవారి పేరు కూడా రాయాలి. ఓజిబ్వా గురువులకు జరిగింది మన పెద్దలకు జరగకూడదు.