ప్యాకేజీ పోయినా ప్రాసెస్ పోదు: లినక్స్‌లో ఒక పాత చిక్కు

యూనిక్స్‌లో ఫైలును తుడిచేయడమంటే డైరెక్టరీలో దాని పేరు కొట్టేయడమే. ఏదైనా ప్రాసెస్ ఆ ఫైలును వాడుతూ ఉంటే, ఆ వాడకం ముగిసేదాకా కెర్నల్ డేటాను డిస్కు మీదే ఉంచుతుంది. ఈ పద్ధతే లినక్స్‌కూ వచ్చింది. కాబట్టి సర్వరు ప్రోగ్రాం ఫైళ్లన్నీ తీసేసినా, అప్పటికే నడుస్తున్న సర్వరు తన పోర్టును వదలదు.

1993లో ఇయన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్‌లోని ప్యాకేజీ మేనేజర్ డీపీకేజీ గానీ, 1990ల నడుమ రెడ్ హ్యాట్ తెచ్చిన ఆర్‌పీఎం గానీ ప్రాసెస్‌లను ఆపే బాధ్యత నెత్తిన వేసుకోలేదు. ఫైళ్ల లెక్క చూసుకోవడం వాటి పని. సర్వీసును ఆపడం ప్యాకేజీ తయారుచేసినవారి పని. అందుకోసం డెబియన్ ‘ప్రీఆర్‌ఎం’ అనే స్క్రిప్టును ఏర్పాటు చేసింది. ఫైళ్లు పోకముందే అది నడుస్తుంది.

ఆ వరసకు గట్టి కారణమే ఉంది. సర్వీసును నడిపే ఇనిట్ స్క్రిప్టు ఈటీసీ డైరెక్టరీలో కాన్ఫిగరేషన్ ఫైలుగా ఉంటుంది. ప్యాకేజీని మామూలుగా తీసేస్తే మిగిలిపోతుంది, పర్జ్ చేస్తేనే పోతుంది. లేని ప్రోగ్రాంను నడపబోయి తప్పు చూపకుండా, ప్రోగ్రాం కనబడకపోతే చప్పుడు చేయకుండా తప్పుకోవాలని డెబియన్ ఆ స్క్రిప్టులకు నియమం పెట్టింది. ఫైళ్లు ముందే పోతే, ఆపమన్నప్పుడు కూడా అది అలాగే తప్పుకుంటుంది. సర్వీసు మాత్రం నడుస్తూనే ఉంటుంది, పైగా ఎక్కడా తప్పు నమోదు కాదు. అప్పటికే ఆగివున్న సర్వీసును మళ్లీ ఆపబోయి స్క్రిప్టు విఫలమైతే మరో తంటా: ప్యాకేజీ తొలగింపే నిలిచిపోతుంది. ఆగినదాన్ని ఆపమంటే ఆపినట్టే లెక్క అనే నియమం అందుకే వచ్చింది.

ఆర్‌పీఎంలో మెలిక ఇంకోచోట ఉంది. అప్‌గ్రేడ్‌లో కొత్త ప్యాకేజీ ఎక్కాకే, తొలగింపుకు ముందు నడవాల్సిన పాతదాని ‘ప్రీఅన్’ స్క్రిప్టు నడుస్తుంది. పూర్తి తొలగింపైతే దానికి 0, అప్‌గ్రేడైతే 1 అందుతాయి. ఆ అంకె చూడకుండా సర్వీసును ఆపితే, అప్పుడే లేచిన కొత్త సర్వీసు కాస్తా పడుకుంటుంది.

ఇన్ని నియమాలున్నా, ఎవరిని ఆపాలన్నది చాలాకాలం పీఐడీ ఫైలు మీదే ఆధారపడింది. సర్వీసు మొదలయ్యేటప్పుడు తన ప్రాసెస్ నంబరును అందులో రాసుకుంటుంది. అది కూలిపోతే ఆ నంబరు పాతబడి, మరో ప్రాసెస్‌కు దక్కవచ్చు. పిల్ల ప్రాసెస్‌ల సంగతి ఆ ఫైలుకు తెలియనే తెలియదు.

దీనికి దారి కెర్నల్ వైపు నుంచి దొరికింది. గూగుల్ ఇంజనీర్లు మొదలుపెట్టిన, ప్రాసెస్‌లను గుంపులుగా పట్టి ఉంచే కంట్రోల్ గ్రూపులు 2008లో 2.6.24 కెర్నల్‌తో వచ్చాయి. 2010లో లెనార్ట్ పోటరింగ్, కే సీవర్స్ ప్రకటించిన సర్వీసు మేనేజర్ సిస్టమ్‌డీ ఒక్కో సర్వీసును ఒక్కో గ్రూపులో పెట్టింది. పిల్ల ప్రాసెస్ ఎన్నిసార్లు ఫోర్క్ అయినా గ్రూపు మారదు. ఆపమన్నప్పుడు ముందు గ్రూపు మొత్తానికి ఆగమని చెప్పే సిగ్నల్ సిగ్‌టర్మ్ వెళ్తుంది. మామూలుగా 90 సెకన్లు చూశాక, మిగిలినవాటికి బలవంతంగా ఆపే సిగ్‌కిల్. 2011లో ఫెడోరా 15, 2015లో డెబియన్ 8 దీన్ని డిఫాల్ట్‌గా తీసుకున్నాయి. ఆపాలన్న ఆదేశం ఇప్పటికీ ప్యాకేజీ స్క్రిప్టుల నుంచే రావాలి; కాకపోతే వాటిని చేత్తో రాసే శ్రమ చాలావరకు తప్పింది.

యూజరు తన సెషన్‌లో తెరుచుకున్న ప్రోగ్రాంలు సాధారణంగా ఈ ఏర్పాటుకు బయటే ఉన్నాయి. బ్రౌజర్ ప్యాకేజీని తీసేసినా తెరిచిన విండో అలాగే ఉంటుంది; అంతవరకూ తెరవని ఫైలు ఏదైనా అవసరపడినప్పుడే తడబడుతుంది.