కార్మికుని చేతికి కెమెరా

బొమ్మల పత్రిక కాలక్షేపానికే తప్ప ఆలోచనకు పనికిరాదనే చిన్నచూపు మన విమర్శకులలో లేకపోలేదు. ఈ అభిప్రాయం ఎంత పొరపాటో తెలుసుకోవడానికి ‘అర్బైటర్ ఇలుస్త్రీర్తె ట్సైటుంగ్’, అనగా కార్మికుల సచిత్ర పత్రిక అనే జర్మన్ వారపత్రిక చరిత్రను పరిశీలించవలసి ఉంటుంది.

1930 ప్రాంతాన జర్మనీలో సచిత్ర పత్రికా రంగం ఉల్‌స్టైన్ వంటి పెద్ద సంస్థలది. వారి బెర్లిన్ వారపత్రిక దాదాపు 20 లక్షల ప్రతులు అమ్ముడయ్యేది. ఫ్యాక్టరీ లోపలి బతుకుకు దానిలో చోటు బహు తక్కువ. ఆ లోటు తీర్చడానికి పూనుకొన్నవాడు విల్లీ మ్యూన్‌జెన్‌బెర్గ్. 1921లో రష్యా కరువు బాధితుల సహాయోద్యమం కోసం అతడు ప్రారంభించిన చిన్న బొమ్మల పత్రికే పేర్లు మారుతూ, పెరుగుతూ 1926 నాటికి ఈ వారపత్రిక అయింది. (1927లో బ్రస్సెల్స్‌లో సామ్రాజ్యవాద వ్యతిరేక సమితి స్థాపనకు పూనుకొన్నదీ ఇతడే, ఆ సమితిలో ఇతనితో కలిసి పనిచేసిన వీరేంద్రనాథ్ చటోపాధ్యాయ మన హైదరాబాదులో పుట్టినవాడు.)

కాని బొమ్మలు ఎక్కడినుంచి రావాలి? ఫొటో ఏజెన్సీల వద్ద కార్మికుల జీవితం దొరకదు. అందుచేత 1926లో పత్రిక పోటీ ప్రకటించి, మీరే తీసి పంపండని పాఠకులను కోరింది. దాని నుండే కార్మిక ఫొటోగ్రాఫర్ల సంఘం పుట్టింది. చూడబడేవాడు చూపించేవాడయ్యాడు. నా దృష్టిలో ఈ పత్రిక సాధించిన అసలు విజయం ఇదే. ఐదు లక్షల ప్రతులు అచ్చువేస్తున్నామని పత్రిక చెప్పుకొన్నది.

1930 నుండి జాన్ హార్ట్‌ఫీల్డ్ కత్తెర, జిగురులతో ఫొటోలను అతికి కొత్త అర్థాలు పలికించాడు. 1932 అక్టోబరు ముఖచిత్రంలో, వందనానికి ఎత్తిన హిట్లర్ అరచేతిలో వెనుకనున్న భారీ ధనికుడు నోట్లు పెడుతుంటాడు. తన వెనుక లక్షలాది ఉన్నారన్న హిట్లర్ గొప్పలోని లక్షలు మనుషులు కావు, మార్కులని చదువురానివాడికి సైతం తెలిసిపోతుంది.

అయితే ఇంతటితో ఆగితే అది చరిత్ర కాదు, స్తోత్రం అవుతుంది. అదే కత్తెర 1930లో సోషల్ డెమోక్రాట్ల పత్రికను కార్మికుని కళ్ళకూ చెవులకూ గంతగా చుట్టింది. 1931లో ఆ పార్టీకి పులి తల అతికించింది. సోషల్ డెమోక్రసీ ఫాసిజానికి తోడు అన్నది ఆనాటి కమ్యూనిస్టు పార్టీ సిద్ధాంతం. సోషల్ డెమోక్రాట్ నాయకత్వం తప్పులు అనేకం, నిజమే. కాని 1932 నవంబరు ఎన్నికలలో నాజీలకు 33 శాతం, ఆ రెండు పార్టీలకు కలిపి 37 శాతం ఓట్లు వచ్చాయి. అవి కలవలేదు. 1933 జనవరి 30న హిట్లర్ గద్దెనెక్కాడు.

పత్రిక ప్రాగ్‌కు వలసపోయింది. లక్షల ప్రతులు సుమారు 12 వేలకు పడిపోయాయి. 1936లో, ఐక్య సంఘటన నినాదం వచ్చాక, పేరులోని ‘కార్మికులు’ పోయి ‘ప్రజలు’ వచ్చింది. ఆలస్యమైంది. 1938 మ్యూనిక్ ఒప్పందంతో ప్రాగ్‌లోనూ దానికి నిలువనీడ లేకపోయింది.

బొమ్మ జనాన్ని కదిలిస్తుంది. ఎటు కదలాలో చెప్పవలసింది రాజకీయమే. ఆ రాజకీయం దారి తప్పినప్పుడు గొప్ప కళ ఆ తప్పునే మరింత దూరం మోస్తుంది. తరగతి గదిలో హార్ట్‌ఫీల్డ్‌ను చూపే ఉపాధ్యాయులు 1932 నాటి నోట్ల చిత్రాన్నీ, 1931 నాటి పులి తలనూ పక్కపక్కనే ఉంచి చూపాలని నా మనవి.